మనిషొస్తే వెలిగే దీపం

గుడియాత్తంలో మా అత్తవారిల్లు వీధిలోంచి చూస్తే చాలా ఇరుకు. లోపలికి పోతే మాత్రం పోతూనే ఉంటుంది. ముందర ఒక గది, దాని వెనక పొడుగాటి నడవ, నడవ పక్కన వంటగది, పడకగదులు, చివర పెరటి తలుపు. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు ఆనుకుని ఉండటంతో నడవకు కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సందేళ లాగే ఉండేది. ఇప్పటికీ నాకు కలలో ఎవరి ఇల్లు వచ్చినా దాని మధ్యలో ఆ నడవే ఉంటుంది. నేను నడుస్తుంటాను. ముందు దీపం వెలుగుతుంది, నేను దాటిపోయాక ఆరిపోతుంది.

అది నిజంగానే అలా వెలిగే దీపం. మనిషి కదిలితే వెలిగేది, కదలిక లేకపోతే కాసేపటికి దానంతట అదే ఆరిపోయేది. తొంభైల చివర్లో, వీధి వీధికీ ఫోను బూతులు, ఇంటింటికీ కలర్ టీవీలు వస్తున్న రోజుల్లో కూడా అలాంటి దీపాన్ని మా పక్కన ఎవరూ చూసి ఉండలేదు. కరెంటు మిగల్చడానికని మా ఆయన తెచ్చి పెట్టాడు. ఎంత మిగిలిందో నేను అడగలేదు, ఆ లెక్కలు ఆయనవి. మా మామకు కళ్లు పోతున్నాయనీ, ఆ సంగతి ఇంట్లో అందరి దగ్గరా దాచిపెడుతున్నాడనీ నాకు చెప్పింది మాత్రం ఆ దీపమే. ఆయన కళ్లు దక్కుతాయా లేదా అన్న ఒక్క దిగులుతో మేం గడిపిన ఆ ఎండాకాలం గురించే ఇది రాస్తున్నాను.

మా మామ మేస్త్రీ. అరవంలో కొత్తనారు అంటారు. గోడలు లేపేవాళ్లు ఊళ్లో చాలామంది ఉంటారు గానీ మామది పూతపని. సిమెంటు పూత అద్దంలా రావాలంటే ఆయన్నే పిలిచేవారు. మా ఆయన వైరింగు పని చేసేవాడు. మామ నున్నగా పూసిన గోడను మా ఆయన ఉలితో చెక్కి పైపులు దించేవాడు. "నేను పూసేది, నువ్వు పెరికేది, ఇదేం బతుకురా నాయనా," అని మామ రోజూ అన్నం దగ్గర అనేవాడు. నేను మోర్ధానా దారిలో సేద్యం చేసుకునేవాళ్ల ఇంటి నుంచి వచ్చినదాన్ని. బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక ఒక్కొక్కటే కూడబలుక్కుని నేర్చుకున్నాను. నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది, దాన్ని నేర్చుకోవలసిన పని పడలేదు.

దీపం రాకముందు ఇంట్లో రోజూ ఒకటే గొడవ. సందేళ కాగానే అత్త గదిగదికీ పోయి లైట్లన్నీ వేసేది. నడవలో లైటు, వంటింట్లో లైటు, పెరట్లో లైటు. మా ఆయన పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకముందే ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయేవాడు. ఊరికే వెలిగే బల్బును చూస్తే ఆయనకు ఒంటికి కారం రాసినట్టుండేది. "ఆడ ఎవురుండారని లైటు? గోడలకా?" అనేవాడు. అత్త తగ్గేది కాదు. "దీపాలేళకు ఇల్లు చీకటిగా ఉంటే లక్ష్మి గడప కాడ్నుంచే తిరుక్కోని పోతాది. నువ్వు బల్బును సూస్తాండావు, నేను ఇంటిని సూస్తాండా," అనేది. ఆయన ఆపడం, ఆమె మళ్లీ వేయడం. మధ్యలో స్విచ్చులు అరిగిపోతున్నాయని నేను అంటే ఇద్దరూ కలిసి నా మీద పడేవారు.

అలా ఉండగా మా ఆయన వేలూరులో (మా ఇళ్లలో రాయేలూరు అంటారు) ఒక తోలు వ్యాపారి కొత్త బంగళాకు వైరింగు చేశాడు. ఆ వ్యాపారి మద్రాసు నుంచి ఏవేవో తెప్పించాడు. వాటిలో ఒకటి మనిషి కదిలితే వెలిగే ఈ దీపం తాలూకు డబ్బా. వరండాలో పెడితే పిల్లి వచ్చినా వెలిగేదట. కంటికి కనపడని మనిషెవరో ఇంటి చుట్టూ తిరుగుతున్నాడని ఆ ఇంటావిడ భయపడి, దాన్ని పీకి అవతల పారేయమన్నదట. పారేయడం అనే మాట మా ఆయన నిఘంటువులో లేదు. తువ్వాలులో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బా అది. ముందర పాలరంగులో ఒక బుడిపె. "ఇదే కన్ను," అన్నాడు మా ఆయన దాన్ని తుడుస్తూ. "మనిసి ఒంట్లో వేడి ఉండాది సూడు, ఆ వేడి కదిలితే దీనికి తెలస్తాది. తెలస్తానే లైటు ఎలగతాది. ఎవురూ లేకుంటే ఆరిపోతాది. ఇంక మీ అత్తాకోడండ్లు స్విచ్చి ముట్టుకునే పనే లేదు." పెరటి తలుపు పైన, నడవ మొత్తం కనపడేలా దాన్ని బిగించాడు. చుట్టూ పడిన బీటల్లో మామే సిమెంటు పెట్టి, అరచేత్తో నాలుగుసార్లు నిమిరి సరిచేశాడు. పని పూర్తయిందో లేదో ఆయన చూడలేదు. చెయ్యి పెట్టి తెలుసుకున్నాడు. మేస్త్రీ అంటే అలా ఉండాలి అనుకుని మురిసిపోయాను.

మొదటి సాయంత్రం వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. ఒక్కొక్కరే నడవలో నడిచి, దీపం వెలగగానే నవ్వి, మళ్లీ వెనక్కి వచ్చి వరసలో నిలబడ్డారు. దాన్ని ఏమార్చాలని నేను గోడకు ఆనుకుని దొంగలా మెల్లగా జరిగాను. అయినా పట్టేసింది. ఆ సంబరంలో అత్త ఒక్కతే ముందరగదిలో దేవుడి గూటి దగ్గర కూర్చుని కదల్లేదు. అందరూ వెళ్లాక కొడుకును పిలిచింది.

"లక్ష్మికి ఒళ్లుండాదా నాయనా? ఒంట్లో వేడి ఉండాదా? ఆయమ్మ వస్తే నీ మిసనుకు యాడ కనపడతాది?"

మామ పడీపడీ నవ్వాడు. చివరికి అత్తే దారి చెప్పింది. దీపాలేళకు ఎవరో ఒకరు లక్ష్మికి ముందుగా నడవలో నడవాలి. వాళ్ల వెలుగులో ఆమె వస్తుంది. "నువ్వే నడువయ్యా, ఇల్లు కట్టినోడివి," అని మామకు చెప్పింది. అంతే, అది మా ఇంటి ఆచారమైపోయింది. రోజూ సాయంత్రం మామ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని ముందరగది నుంచి పెరటి తలుపు దాకా నడిచి తిరిగి వచ్చేవాడు. దీపం వెలిగేది. "ఎలిగింది కదా మే?" అని అత్తను అడిగేవాడు. "ఎలిగిందిలే, పోదుం, రా," అనేది అత్త. చాలు అనడానికి మా ఇళ్లలో పోదుం అనే అరవ మాటే వాడతాం. అత్త గూట్లో వత్తి వెలిగించేది. మా ఆయనకు పేచీ లేదు, ఎందుకంటే కాసేపటికి లైటు ఆరిపోయేది.

ఆ దీపంతో నేను గడిపిన నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు సగం మూతపడతాయి. మధ్యాహ్నాలు నడవలో చల్లని గచ్చు మీద కూర్చుని కనకాంబరాలు కట్టేదాన్ని. వేళ్లు తప్ప ఒళ్లు కదలదు కదా, దీపం ఆరిపోయేది. చీకట్లో పూలు ఒళ్లో ఉండగా అలాగే కూర్చునేదాన్ని, వెంటనే చెయ్యి ఊపబుద్ధయ్యేది కాదు. నిద్రకూ మెలకువకూ మధ్యన పెరట్లోంచి గిలక చప్పుడు, వీధిలోంచి మగ్గాల చప్పుడు వినిపించేవి. తర్వాత చెయ్యి ఊపితే వెలిగేది. పుట్టింట్లో చీకటి పడితే లాంతరు మనం మోసుకుని తిరగాలి. ఇక్కడ దీపమే నా కోసం కాచుకుని ఉండేది. నేనున్నానని దానికి తెలుసు అనుకుంటే ఎందుకో హాయిగా ఉండేది. దాంతో మాట్లాడేదాన్ని కూడా. మా ఆయన మీద చాడీలు చెప్పేదాన్ని.

ఒక్కోసారి ఎవరూ లేకుండానే వెలిగేది. పెరటి తలుపులోంచి వేడిగాలి కొట్టి ఉంటుందని మా ఆయన అనేవాడు. అత్త మాత్రం ఏ పనిలో ఉన్నా చేతులు జోడించేది. నేను ఇద్దరి మాటా నమ్మేదాన్ని. ఆ వయసులో నాకు అది కష్టంగా ఉండేది కాదు.

మామలో వచ్చిన మార్పులు మా కంటి ముందే ఉన్నాయి. మొపెడ్ అమ్మేసి బస్సులో పోతున్నాడు. నడుం నొప్పి అన్నాడు, నమ్మాం. వీధిలో ఎవరైనా పలకరిస్తే వాళ్లు రెండో మాట మాట్లాడేదాకా ఊరికే నవ్వేవాడు. పూసిన గోడను ఇదివరకు దూరంగా నిలబడి, కన్ను చికిలించి చూసేవాడు. ఇప్పుడు దగ్గరికి పోయి అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిరి, ఒక చోట ఆగి, "ఈడ కొంచెం లేసిండాది, తియ్యండి," అనేవాడు. ఆయన కింద పనిచేసేవాళ్లు దాన్ని కథలుగా చెప్పుకునేవారు. మేస్త్రీ చేతికే కళ్లున్నాయి అనేవారు. ఆ మాట విని మేమంతా పొంగిపోయాం.

ఆ ఎండాకాలంలో వేలూరులో ఒక పెళ్లి మండపం కడుతున్నారు. వేదిక వెనక గోడ, దాని పైన అంచు వెంబడి పూలతీగల పూత మామ చేతుల మీదుగా సాగుతోంది. అదే మండపంలో వైరింగు మా ఆయనది. "నాయన ఇంకా సారం ఎక్కి పని చేస్తాండాడు తెల్సునా? కుర్రోళ్లే దిగిపోతాండారు," అని ఒకరోజు గొప్పగా చెప్పాడు. సారం అంటే గోడ పక్కన కర్రలు కట్టి పలకలు పరిచింది. మనిషి రెండంతస్తుల ఎత్తున ఆ పలక మీద నిలబడి పూస్తాడు. నేను మజ్జిగ పోస్తూ ఆ మాట విన్నాను, మరిచిపోయాను.

కత్తిరి వచ్చింది. మా వైపు నడివేసవి మంటలను కత్తిరి అంటాం. వేలూరు జిల్లాలో కత్తిరి ఎలా ఉంటుందో చెప్పి అర్థం చేయించలేను. కొళాయి నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. పొద్దంతా కాగిన స్లాబు సందేళ నుంచి ఆ వేడినంతా ఇంట్లోకి దింపుతుంది. నడవ గోడ మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన మనిషి నుదురు ముట్టినట్టుండేది.

అలాంటి ఒక సాయంత్రం మామ ఎప్పటిలాగే తువ్వాలు వేసుకుని నడవలోకి వచ్చాడు. నేను వంటింటి గడపలో చేట పట్టుకుని నిలబడి ఉన్నాను. దీపం వెలగలేదు. పెరటి తలుపు తెరిచి ఉంది, దాంట్లోంచి పడమటి వెలుతురు తెల్లగా కళ్లలో కొడుతోంది గానీ నడవలో చీకటి చీకటిగానే ఉంది. మామ ఆగలేదు. తలెత్తి చూడలేదు. పెరటి తలుపు దాకా పోయి, చేత్తో తలుపు ముట్టుకుని, తిరిగి నా ముందు నుంచే ముందరగదికి వెళ్లాడు. కరెంటు పోయిందా అని అడుగుతాడేమో అని చూశాను.

"ఎలిగింది కదా మే?" అన్నాడు.

అత్త దేవుడి గూటి దగ్గర నడవ వైపే మొహం పెట్టి కూర్చుని ఉంది. ఆమె చూపు చీకటి నడవ మీద ఉంది. నాకు ఆ మొహం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎలిగిందిలే, పోదుం, రా," అంది. అగ్గిపుల్ల గీసి వత్తి ముట్టించింది.

ఆయనకు కనపడటం లేదు. ఆయనకు కనపడటం లేదని ఆమెకు తెలుసు. రెండూ ఒక్కసారే తెలిశాయి నాకు. చేటలో బియ్యం ఉన్నాయన్న సంగతి కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

చీకటి పడేవేళకు మా ఆయన వచ్చాడు. దీపం వెలగకపోవడం చూసి తువ్వాలు ఊపాడు, గంతులు వేశాడు, స్టూలు ఎక్కి డబ్బా మీద తట్టాడు. ఉన్నట్టుండి గోడ మీద చెయ్యి వేసి నవ్వాడు. "మిసను బాగానే ఉండాది. గోడ గూడా మన ఒళ్లంత కాగిపోయిండాది. మనిసి ఏదో గోడ ఏదో దీనికి తెలీలే," అన్నాడు.

"ఇన్నేండ్లు గోడలు పూసి పూసి నేనూ గోడైపోయినానన్నమాట," అన్నాడు మామ మంచం మీద నుంచి.

"సందేళ ఎలిగిందా నాయనా?"

"ఎలిగింది," అన్నాడు మామ.

"ఎలిగింది," అంది అత్త, అదే గొంతుతో.

మా ఆయన తల గోక్కుంటూ స్టూలు దిగాడు. నా నోరు ఊరుకోని నోరు. ఆ రోజు మాత్రం పైకి లేవలేదు.

మర్నాడు మగవాళ్లిద్దరూ వేలూరు బస్సు ఎక్కాక, మిద్దె మీద అత్త వడియాలు పెడుతుంటే ఎదురుగా కూర్చున్నాను. పాత పంచె పరిచి, పిండి చేత్తో తీసి వరసగా పెడుతోంది.

"అత్తా, నిన్న దీపం ఎలగలే," అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "నేనూ సూసినా."

"మామకు కండ్లు కనపడలే. నీకు తెలుసు."

"శానా దినాలుగా తెలుసు." ఇంకో వడియం పెట్టింది. "అన్నంలో రాయి ఏరుకునేదానికి లేదు, సొక్కా తిరగేసి తొడుక్కుంటాండాడు. నాకు తెలీకుండా ఎట్ల ఉంటాది? అందుకే గదిగదికీ లైట్లేసి పెడతా వచ్చినా. నా కొడుకు ఒకటొకటే ఆపుకుంటా వచ్చినాడు. వానికేం తెలుసు. లక్ష్మి పేరు చెప్తే వాడు మెత్తబడతాడని చెప్పినా."

"మరి దీపం ముందర నడవమని..."

"రోజూ నడిపించి సూసుకుంటాండా. మొదట్లో దీపం ఎలిగితే కండ్లు చిట్లించేటోడు. అప్పురం తల మటుకు పైకెత్తేటోడు. ఈ కత్తిరికి అదీ లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీదా, ఆయన మీదా, ఇన్నాళ్లూ నవ్వుకుంటూ తిరిగిన మా అందరి మీదా. "ఇన్ని సూసినదానివి నోరు తెరిచి ఒక మాట అడగలేకపోయినావా? రాయేలూరులో కండ్ల డాక్టర్లే లేరా?" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

అత్త అప్పుడు తలెత్తింది. "కండ్లు పోయిన మేస్త్రీని ఏం చేస్తారో నీకు తెలీదు. ఇసక కుప్ప పక్కన మంచమేసి కూర్చోబెడతారు, కాపలాకని. సిమెంటు మూటలు లెక్కబెట్టుకుంటా, కుక్కల్ని తరుముకుంటా. ఆయన కింద పని నేర్చినోడే వచ్చి, ఏం పెద్దాయనా బాగుండావా అని బీడీ ఇచ్చిపోతాడు. వాళ్ల నాయన అట్లనే పోయినాడు. అది ఆయన తట్టుకోడు. దాచుకున్న మనిసిని నేను పట్టుకోని బయట పెడితే, ఆ పొద్దుతో అన్నం మానేస్తాడు. కిందుండి పని చెప్తే చాలు, చెయ్యి పెట్టి సూస్తే చాలు అంటాండాడు. ఎన్నాళ్లు జరిగితే అన్నాళ్లు జరగనీ అనుకున్నా."

"కిందుండి?" అన్నాను. "ఎవరు చెప్పినారు కిందుండి అని? నీ కొడుకునడుగు. రోజూ సారం ఎక్కుతాండాడు మామ. రెండు మిద్దెల ఎత్తున పలక మీద నిలబడి పూస్తాండాడు."

అత్త చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. లేచి నిలబడి, వేలూరు దిక్కుకు తిరిగి, అక్కణ్ణించి మండపం కనపడుతుందేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కిందికి దిగిపోయింది. పిండి సగం గిన్నెలోనే ఉంది. ఆమె ఏ పనీ సగంలో వదలగా నేను అంతకుముందు చూడలేదు. మిగతా వడియాలు నేనే పెట్టాను, కాకులను తోలుకుంటూ, బస్సు ఎప్పుడు వస్తుందా అని వీధి వైపు చూసుకుంటూ. ఆ పగలు గడవడం నాకు చాలా కష్టమైంది.

మామ సాయంత్రం క్షేమంగా వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. ఆయన తువ్వాలు తీసుకోబోతుంటే అత్త ఆపింది.

"ఈ పొద్దు నడవొద్దులే. ఈడ కూర్చో. నాకు కండ్లు సరిగ్గా కనపడలేదయ్యా."

మామ కూర్చోలేదు. "నీకా?"

"నాకే. అంతా మసగ మసగ్గా ఉండాది. శానా దినాలయింది."

"శానా దినాలైతే ముందే చెప్పకూడదా? అట్ల దాచిపెట్టుకుంటారా ఎవురన్నా?" అని మామ కసురుకున్నాడు. వంటింట్లో నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను.

"రాయేలూరుకు పిల్చుకోని పో. డాక్టరంటే నాకు బయం. ముందర నువ్వు సూపించుకో. నిన్నేం చెయ్యకుంటే అప్పురం నేను సూపించుకుంటా."

మామ అత్త వైపు తిరిగి, ఆమె ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడికే మొహం పెట్టి నిలబడ్డాడు. "ఎప్పుడు పోదాం?" అన్నాడు.

"రేపే."

"పూలతీగ సగంలో ఉండాదే," అన్నాడు. మళ్లీ ఆయనే, "సరి, రేపే," అన్నాడు.

ఇద్దరినీ నేనే తీసుకుపోయాను. కంటి ఆసుపత్రిలో పొడుగాటి వసారా, బల్లల మీద కళ్లు మూసుకుని కూర్చున్న మనుషులు. నర్సు వచ్చి అత్తకూ మామకూ కళ్లలో మందు చుక్కలు వేసి, తెరవొద్దని చెప్పింది. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, అంతా నిద్రలో నడుస్తున్నట్టుంది. కాసేపటికి మామ చెయ్యి బల్ల మీద తడుముకుంటూ పోయి అత్త మణికట్టు పట్టుకుంది. ఏ లోపమూ లేని కళ్లు గట్టిగా మూసుకుని, ఆవిడ అలాగే కూర్చుంది. నేను అవతలి గోడను చూస్తూ ఉండిపోయాను.

డాక్టరమ్మ అత్త కళ్లు చూసి, ఈ వయసులో ఇంత మంచి కళ్లు అరుదు అంది. మామ కళ్లలోకి లైటు వేసి ఒకటికి రెండుసార్లు చూసింది. రెండు కళ్లలోనూ పొర ముదిరిపోయింది. కుడికంటికి ఆపరేషను చేస్తే చూపు రావచ్చు. ఎడమకంటికి పొరతోపాటు లోపల ఇంకో జబ్బు ఉంది, దానికి ఆలస్యమైపోయింది. కుడికన్ను కూడా ఇప్పుడే చేయాలి, ఆ తర్వాత కూడా ఎత్తులు ఎక్కకూడదు అంది. మామ అన్నీ విని, "కింద నిలబడి చేసే పని చెయ్యొచ్చునా?" అని అడిగాడు. చెయ్యొచ్చు అంది ఆవిడ.

ఆపరేషను వేలూరులోనే జరిగింది. పూలతీగ సగం నుంచి వేరే మేస్త్రీ పూర్తిచేశాడని మా ఆయన వచ్చి చెప్పాడు. మామ తల ఊపాడంతే. వస్తుందో రాదో తెలియని కంటికి కట్టు కట్టుకుని ఆ మనిషి పడుకున్న రోజుల్లో నేను దేవుళ్లకు మొక్కలేదు. కోపంతో ఉన్నాను. కట్టు విప్పిన రోజు ఆయన చుట్టూ చూసి, వెలుతురు బాగుండాది అని మాత్రం అన్నాడు. మొహాలు కనపడుతున్నాయా అంటే, చూద్దాం, ఇంటికి పోనీ అన్నాడు. నల్లద్దాలు పెట్టించి బస్సు ఎక్కించాం. పాలారు ఏటి ఇసుక మీదుగా చల్లగాలి వచ్చింది. కత్తిరి అయిపోయి రెండు వానలు పడ్డాయి. దారి పొడుగునా ఆయన కిటికీ వైపే తిరిగి ఉన్నాడు, ఏం చూస్తున్నాడో, ఏం చూడటం లేదో మాకెవరికీ తెలియలేదు. అత్త ఆయన పక్కన కూర్చుని అడగలేక, ఊరుకోలేక వచ్చింది.

ఇంటికి చేరేసరికి దీపాలేళ. అత్త గూటి దగ్గర కూర్చుని వత్తి సరిచేస్తోంది. మా ఆయనా నేనూ సంచులతో ముందరగదిలోనే నిలబడ్డాం. మామ నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని నడవలోకి పోయాడు. గోడలు చల్లబడి ఉన్నాయి. దీపం వెలిగింది. ఆయన పెరటి తలుపు దాకా పోయి, దాని కింద కాసేపు ఆగి, తిరిగి వచ్చాడు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. అత్తే అడిగింది, తల వంచుకుని.

"ఎలిగిందా?"

"ఎలగలే," అన్నాడు మామ.

అత్త చేతిలో అగ్గిపెట్టె కింద పడింది. ఆయన వెనకాల నడవంతా వెలుగుతోంది. మా ఆయన ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"ఆ పొద్దు ఎలగకుంటే నువ్వు ఎలిగింది అన్న్యావు," అన్నాడు మామ. "ఈ పొద్దు ఎలిగితే నేను ఎలగలే అంటాండా. ఇద్దరికీ సరిపోయింది."

అత్త మొహం ఎత్తింది. ఆయన ఆ మొహాన్నే చూస్తున్నాడు, ఒక్క కంటితో, సూటిగా. కత్తిరి నాటి సాయంత్రం కొడుకు స్టూలు ఎక్కి వేడి సంగతి చెప్పినప్పుడే, ఆమె అబద్ధం ఆయనకు తెలిసిపోయింది. తన సంగతి ఆమెకు తెలుసునని తెలిసే, ఆమెకు లేని జబ్బుకు ఆయన వేలూరు వచ్చాడు. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చిన చప్పుడు కూడా రాలేదు. మామ నిలబడ్డచోటే నిలబడ్డాడు. మా ఆయనా నేనూ సంచులు కింద పెట్టడం కూడా మరిచిపోయాం. ఇంట్లో ఎవరూ కదల్లేదు.

నడవలో చీకటి పడింది.

"ఇదో," అన్నాడు మామ, అటు తిరిగి చూసి. "ఇప్పుడు ఆరిపోయింది."